ఫ్లెక్సీలో జాగ లేదట

స్వప్నక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పోయిన వారమే నాకు పైలట్‌గా మొదటి ఉద్యోగం వచ్చింది. చిక్కడపల్లి చౌరస్తాలో బాబాయ్ ఫ్లెక్సీ కట్టించాడు. ఆడపిల్లకు విమానాలెందుకని నాన్నతో పోట్లాడిన మనిషే, నా ఫోటో పక్కన చేతులు జోడించి నవ్వుతున్నాడు. కింద ఇంకో పదకొండు మొహాలు. సగం మంది ఎవరో నాకే తెలియదు.

నీ ఫోటో ఏదని అడిగాను.

"కిరాయికున్న పిల్ల మనకేమైతది? జాగ గూడ లేదు," అన్నాడు.

మా మేడమీది గదిలో నీ గ్రూప్స్ పుస్తకం మూసేసి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, నా పైలట్ పరీక్షకు మేఘాల పాఠం అప్పజెప్పించుకున్నది ఎవరు? తడబడితే మళ్ళీ మొదటి నుంచి చెప్పించింది ఎవరు? ఆ పదకొండు మందిలో ఒక్కరికైనా ఒక్క మేఘం పేరు తెలుసా?

"నా ఫోటో తీసెయ్యి బాబాయ్, జాగ అయితది," అన్నాను.

ఆయన కదల్లేదు. నేనే నిచ్చెన వేసుకుని ఎక్కి, కత్తెరతో నా బొమ్మ కత్తిరించేశాను.

ఇప్పుడు వాళ్ళంతా కలిసి ఒక చిల్లుకు అభినందనలు చెబుతున్నారు. అందులోంచి, నువ్వు రోజూ పుస్తకాలు మోసుకుంటూ నడిచిన లైబ్రరీ దారి కనిపిస్తోంది.