ఎండలో పెట్టిన అమ్మ గొంతు

శీనూ,

అక్కనిరా. నువ్వు వెళ్ళి పది నెలలైంది. బాగున్నావా అని రాయబోయి ఆగాను... ఆత్మకి బాగోగులేమిటని ఊరూరా పురాణం చెబుతూ మైకులో గద్దించేదాన్ని నేనే కదా?

వన్ టౌన్‌లో నీ రిపేరు కొట్టు పద్మ తెరిచే ఉంచింది. నీ భార్య ధైర్యం నీకు తెలుసుగా. మిక్సీలూ ఫ్యాన్లూ తనే చూస్తోంది. టేప్‌రికార్డర్లు మాత్రం ముట్టుకోదు. అవి నీవట.

నీ వీడియోలు జనం ఇంకా చూస్తున్నారు. కింద వాళ్ళు రాసే కామెంట్లు నేను కళ్ళజోడు పెట్టుకుని మరీ చదువుతాను. మొదట్లో ఒళ్ళు మండిపోయేది. పాత టేపు డెక్కు విప్పి, అరిగిన బెల్టు మార్చడం నువ్వు పూజ చేసినట్టు చూపిస్తుంటే, "అన్నయ్యా, ఇది మోగేలోపు నేను ఫోనులో పాట విని, అన్నం తిని, నిద్ర కూడా పోయాను" అంటాడొకడు. "పాతసామాన్లు" అని పేరు పెట్టుకున్న ఇంకొకడైతే ప్రతి వీడియో కిందా ఒకటే ప్రశ్న. "కేజీ ఎంతకిస్తావన్నయ్యా?"

నీ జవాబులు చూసి కదరా నేను చల్లారింది! "నిద్ర లేచాక ఆ పాట అక్కడ ఉందో లేదో చూసుకోండి. నాది ఇక్కడే ఉంటుందండీ." ఆ కేజీల వాడికి, "ముందు మీరు కాటా ఎక్కండి, తర్వాత బేరం."

ఎంత ఓర్పురా నీకు... స్వామి కూడా శిశుపాలుడి నూరు తప్పుల వరకే ఆగి చక్రం వేశాడు. నువ్వు లెక్కే పెట్టలేదు. నేనైతే సభలో మొదటి ఆవులింతకే చక్రం తీస్తాను.

సరే, అసలు సంగతికి వస్తాను. తిట్టకు.

అమ్మ పురాణం చదివిన క్యాసెట్ ఉంది చూడు... బడి మాన్పించిన నాకు అదే బడి. పెళ్ళయ్యాక వంట చేస్తూ, బట్టలు ఉతుకుతూ, ఆ గొంతు వెంట గొంతు కలిపే నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. నువ్వు నా ఫోనులో ఎక్కించి ఇచ్చిన కాపీ ఆ ఫోనుతోనే పోయింది. నీ కంప్యూటర్‌లో ఇంకోటి ఉందన్నావు. దాని పాస్‌వర్డు నీతోనే వెళ్ళిపోయింది. ఎవరిని అడగనురా?

మిగిలింది ఆ క్యాసెట్టే. వేసవిలో పెట్టె తెరిస్తే బూజు! దాని పక్కనున్న వాటికీ పట్టింది. బూజు పడితే మన ఇళ్ళలో ఏం చేస్తాం? భవానీపురం డాబా మీద పాత చీర పరిచి, వడియాల పక్కన వరసగా ఎండబెట్టాను. బెజవాడ మే నెల ఎండ... సాయంత్రానికి క్యాసెట్ డబ్బాలన్నీ వంకర్లు తిరిగాయి. అమ్మది కూడా.



పద్మ నీ ఫోనులోంచి నీ వీడియోల చానల్‌లో ఆ ఫొటో పెట్టి, దారి చెప్పమని అడిగింది. చెప్పారు మహానుభావులు! "అక్కగారూ, వేయించేటప్పుడు కబురు చెయ్యండి." "పప్పుచారులోకి ఏ కంపెనీవి బావుంటాయండీ?" నా పేరు వడియాలక్క అయిపోయింది. శాపనార్థాలు టైపు చెయ్యబోతున్నాను, అంతలో ఆ కేజీల వాడు రాశాడు. "ఏదీ విప్పకండి. ఆదివారం వస్తున్నా."

ఎవరనుకున్నావు? కూచిపూడిలో పిల్లలకు నాట్యం నేర్పే మాస్టారురా! తెల్లజుట్టు, చేతిలో సంచి. ఆయన సాధన పాటలన్నీ క్యాసెట్ల మీదేనట. పాడైనప్పుడల్లా నువ్వు వీడియో కాల్‌లో చెబుతుంటే బాగుచేసుకునేవారట. మరి రోజూ ఆ వెక్కిరింపేమిటండీ అంటే నవ్వేశారు. ఆ బేరం లేకపోతే మీ తమ్ముడికి తోచేది కాదండీ, నాకూ అంతే అన్నారు. ఆ తర్వాత కాసేపు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు... ఏం మనుషుల్ని సంపాదించుకున్నావురా!

సంచిలో ఖాళీ క్యాసెట్ డబ్బాలు తెచ్చారు. వంకరపోయినదాన్ని విప్పి, రీలు తీసి, మెత్తని గుడ్డతో బూజు తుడిచి, కొత్త దాంట్లో చుట్టి పెట్టారు. పాత బట్టలు విడిచి కొత్తవి కట్టుకున్నట్టు... ఎన్ని సభల్లో చెప్పానో! కళ్ళతో చూడటం అదే మొదలు. "డబ్బా పోతే పోయిందక్కా, రీలుంటే చాలు. నీ ఉపన్యాసం మొత్తం ఇంతేగా" అని నువ్వు ఏడిపించేవాడివి. ఇంతేరా. నువ్వన్నదే నిజం.

నీ డెక్కులోనే పెట్టి నొక్కాం. కాసేపు గరగర... ఆ తర్వాత అమ్మ.

ఫలశ్రుతి అయింది, మంగళం పాడింది. నేను ఎప్పుడూ అక్కడే బటన్ నొక్కేసి హారతికి లేస్తాను కదా. ఈసారి లేవలేకపోయాను. టేపు తిరుగుతూనే ఉంది. అప్పుడు నీ గొంతు వచ్చింది. పాలపళ్ళ గొంతు, రేడియోవాళ్ళలా బిగించి:

"ఇంతవరకూ చదివినది మా అమ్మ. ఇప్పుడు చదవబోయేది మా అక్క."

ఆ తర్వాత ఏమీ లేదు. ఖాళీ.

నన్నెందుకు పిలవలేదురా? పిలిస్తే నేనే రాలేదా? ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు... నేను చదువుతానని నాకే తెలియని రోజుల్లో నీకెలా తెలుసు?

నీ సంవత్సరీకం దగ్గర పడుతోంది. ఆ రోజు ఆ ఖాళీలో నేను చదువుతాను. మాస్టారు వస్తారు. పద్మ నీ డెక్కు ముట్టుకుంటానంది, రికార్డు బటన్ తనే నొక్కుతుంది. "అక్కా, నువ్వు నోరు తెరిస్తే డెక్కు మీద శబ్దం మీటరు సూది ఎర్రలోకి పోతుంది, మెల్లగా" అనేవాడివి కదా.

పోనీరా. ఆ రోజుకి పోనీ. అంత దూరం వినపడాలిగా.

నీ
వడియాలక్క