చేతికి తెలియని సంగతి

బోధన్
మాఘమాసం, 1971

నా హన్మవ్వక్కకు,

ఈ ఉత్తరం బాపుకు చదివి వినిపించకు. ముందు నువ్వొక్కదానివే చదువుకో. నేను బాల్కొండకు వచ్చేస్తున్నాను. పండక్కి కాదు, చూసిపోవడానికి కాదు. ఉండటానికి.

మా ఆయన సంగతి ఏడాదిగా నీకు రాయలేదు. సిగ్గేసింది. పోయినేడు గానుగ దగ్గర ఎడ్లు బెదిరి, గానుగ తిప్పే దుంగ ఆయన నుదుటికి తగిలిందని రాశాను కదా. గాయం మానింది. లేచి తిరిగాడు, పొలం పోయాడు, లెక్కలు చెప్పాడు. అందరం బతికి బయటపడ్డాడనుకున్నాం. అప్పటి నుంచే మొదలైంది.

మా వీధి చివర నాగవ్వ ఉంది. ఆమె మొగుడు బతికున్నప్పుడు ఇంటి ముందే చాయ్ అమ్మేవాళ్లు. ఈయన పొలం పోతూ రోజూ అక్కడే తాగేవాడు. ఈయన దెబ్బ నుంచి లేచిన కొద్దిరోజులకే మొగుడు పోయి, ఆమె కొట్టు మూసేసింది. అయినా ఈయన పొద్దున్నే వెళ్లి ఆమె గడప ముందు కూర్చుంటాడు! తలుపు తీయదు, కూర్చుంటాడు. ఒకరోజు నీళ్లు కుమ్మరించింది. తడిబట్టలతో ఇంటికొచ్చాడు, మర్నాడు మళ్లీ వెళ్లాడు. ఊరంతా నోళ్లు నొక్కుకుంటోంది. నాగవ్వ మరిది నర్సన్న కట్టె పట్టుకుని మా వాకిట్లోకొచ్చి, "ఇంకోపారి మా వదిన గడప తొక్కితే కాళ్లు ఇరగ్గొడ్త రాజనర్సూ!" అన్నాడు.

ఆ రోజు నేను అడిగాను, అరిచాను, ఏడ్చాను. ఈయన మా కొడుకు తల మీద చేయి పెట్టి, "ఇగ పోను వసంతా, ఒట్టు" అన్నాడు. తెల్లారి లేచి చూస్తే మంచం ఖాళీ. ఎక్కడున్నాడో వేరే చెప్పాలా? పిల్లవాడి మీద ఒట్టు పెట్టి మరీ పోయాడక్కా! నా మనసు అక్కడే విరిగిపోయింది. ఇంకొకతె మీద మనసు పడ్డ మనిషికి అన్నం వండిపెట్టలేను.

కులపెద్ద లింబయ్య పటేలు దగ్గరికి వెళ్లి విడిపించమన్నాను. ఆయన, "దెబ్బ తాకిన మనిషి, రేపు పిచ్చోడని ఎవరన్న అంటరు. మతి మంచిగున్నదని డాక్టర్ నోట అనిపియ్యి. గప్పుడు పంచాయితీ పెడ్త" అన్నాడు. రేపు ఈయనను నిజామాబాద్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఆ మాట పట్టుకుని వచ్చేస్తాను. వెనక గది ఖాళీ చేసి ఉంచు.

నీ చెల్లె,
వసంత

*

బోధన్
అదే నెల

అక్కా,

దీపం వెలుగులో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు.

డాక్టర్ మంచివాడే. ఈయనను ఊరు అడిగాడు, పేరు అడిగాడు, చెరుకు ధర అడిగాడు. అన్నిటికీ తడుముకోకుండా చెప్పాడు. నేను లోపల సంతోషపడ్డానక్కా, చూడు నా బుద్ధి! ఇక లేవబోతుంటే డాక్టర్ ఆయన నుదుటి మచ్చ చూసి ఆగాడు. "దీని సంగతి చెప్పమ్మా" అన్నాడు. చెప్పాను. గడప సంగతీ చెప్పాను.

రెండు గ్లాసులు తెప్పించి బోర్లించాడు. తువ్వాలు అడ్డం పెట్టి ఒకదాని కింద బెల్లం ముక్క దాచాడు. "ఏ గ్లాసో లేపు." ప్రతిసారీ ఎడమ గ్లాసు కిందే పెట్టాడు. ఈయన తొందర్లోనే పట్టేశాడు. తర్వాత డాక్టర్ చెప్పకుండా బెల్లాన్ని కుడివైపుకు మార్చేశాడు. ఈయన ఎడమ గ్లాసే లేపాడు. ఖాళీ. మళ్లీ ఎడమదే. ఖాళీ. మళ్లీ అదే. నాకు చిరాకేసి, "కుడిదిక్కున్నది, కనిపిస్తలేదా?" అన్నాను.

"ఎర్కనే వసంతా. ఇప్పుడు కుడిదిక్కే పెడ్తున్నడు" అన్నాడు ఈయన. అంటూనే ఎడమ గ్లాసు లేపాడు!

నోటితో కుడి అంటున్నాడు, చెయ్యి ఎడమకు పోతోంది. నుదుటి నిండా చెమట. "నాకన్నీ ఎర్కనే డాక్టర్ సాబ్. గీ చెయ్యే ఇంటలేదు" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

డాక్టర్ అప్పుడు చెప్పాడు. కళ్ల పైన, నుదుటి వెనక మెదడులో ఒక చోటు ఉంటుందట. ఎక్కడ మేలు దొరుకుతుందో, ఎక్కడ దొరకడం మానిందో లెక్క చూసి, ఇక అటు వద్దని మనను తిప్పేది అదేనట. పెద్ద దేశాల్లో కోతుల మీద ఇలాంటి పరీక్షలే చేశారట. ఏ దెబ్బా లేని కోతి రెండుమూడు సార్లు ఖాళీ చూసి మారిపోతుంది. ఆ చోటు దెబ్బతిన్న కోతి ఖాళీ గిన్నెనే లేపుతూ ఉంటుంది. "కోతికైనా మనిషికైనా ఆ పని చేసే చోటు అదేనమ్మా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నా మొగుణ్ణి కోతితో పోలుస్తాడా! బస్సులో వస్తున్నంత సేపూ తిట్టుకున్నాను. ఇంటికి రాగానే బెల్లం పాకలోకి వెళ్లాను. అక్కడికి కోతులు వస్తాయి, తెలుసు కదా. రెండు ముంతలు బోర్లించి అదే ఆట ఆడాను. ఒక గండు కోతి ఎడమ ముంతకు అలవాటు పడింది. మార్చేశాను. ఎడమది లేపింది, ఖాళీ. ఇంకోసారి లేపింది, ఖాళీ. పళ్లికిలించి నన్నొకసారి చూసి, కుడి ముంత లాగి బెల్లం పట్టుకుపోయింది.

కోతి మారింది. నా మొగుడు మారలేడు! నాగవ్వ మీద మనసు లేదు, ఏమీ లేదు. ఎప్పుడో చాయ్ దొరికిన గడప అది. దొరకదని ఆయనకు తెలుసు. కాళ్లకు తెలియదు. అలాంటి మనిషిని ఏడాది పాటు ఎన్నెన్ని మాటలన్నానో!

పంచాయితీ ఆగలేదు, మేం నిజామాబాద్ పోగానే లింబయ్య పటేలు పిలుపులు పంపేశాడట. నర్సన్న కట్టెతోనే వచ్చాడు. నేను గ్లాసులు తీసుకెళ్లి అందరి ముందూ పెట్టాను. మొదట నవ్వారు. ఈయన "కుడిది, కుడిది" అంటూ ఎడమది లేపుతుంటే ఒక్కొక్కరి నవ్వూ ఆగిపోయింది. నర్సన్న కట్టె కింద పెట్టాడు. లింబయ్య పటేలు గ్లాసులు పక్కకు జరిపాడు. తర్వాత, "మరి నీకేం గావాలె బిడ్డా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు నాగవ్వ లేచింది. ఆమె ముఖం తెల్లబోయి ఉంది. "నేను నీళ్లు గుమ్మరిస్తిని" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత నా వైపు తిరిగి, "రేపు గూడ వస్తడు గద చెల్లె. ఒక్కన్ని తోలకు. నువ్వు గూడ రా. చాయ్ పెడ్త" అంది.

ఈ పొద్దున వెళ్లాను. ముగ్గురం ఆ గడప దగ్గర కూర్చున్నాం. నాగవ్వ లోపలికి వెళ్లినప్పుడు, చెప్పకుండా ఉండలేక, బాల్కొండకు వెళ్లిపోదామనుకున్నానని ఆయనతో చెప్పాను. కోపం వస్తుందనుకున్నాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"నువ్వు పోయుంటే గూడ రోజూ పొద్దుగాల నిన్ను పిలుస్తుంటి వసంతా" అన్నాడు. "ఇంట్ల లేవని ఎర్కనే ఉంటుండె. అయినా పిలుస్తనే ఉంటుంటి."

అక్కా, నేను రావడం లేదు.

నీ చెల్లె,
వసంత