ట్యాంకుకు వేసిన సున్నం

ఆరాధనా,

పప్పు వండి మూత పెట్టిన, వేడి చేసుకొని తిను. ముందటి గోడలు ఇంకా ఆరలే, చీర తాకనియ్యకు. కిటికీ కాడి బల్ల మీదున్న నా బొమ్మ యుద్ధ ట్యాంకును మాత్రం ముట్టకు.

నిన్న క్రిస్మస్‌కని ఇంటికి సున్నం వేసుకుంట దానికి సుత వేసినవు. పొద్దున నువ్వు బడికి పోయినంక చూసిన. దాని తెల్లరంగు ఊడిపోయిందనుకున్నవేమో, ఊడిపోలే, నేనే ఊడగొట్టిన. మంచుల కొట్లాడే ట్యాంకులకు కనబడకుండ తెల్లరంగు పూస్తరు. చలికాలం ఎల్లేసరికి అది అరిగి, కిందున్న ఆకుపచ్చ బయటపడుతది. గా అరుగుడు రావాలనే ఇరవై రోజులు తడి కుంచెతోని రుద్దిన. నువ్వేమో మన గోడ లెక్క కొత్తగ చేసి పెట్టినవు.

శానా కోపమొచ్చింది. మళ్ల దగ్గర పెట్టుకొని చూసిన. చక్రాల మీద ఒక్క చుక్క పడనియ్యలే నువ్వు. ఎంతసేపు కూసున్నవో దాని ముందట! నేను గనికి పోయినంక నువ్వొస్తవు, నేనొచ్చేసరికి పండుకుంటవు. మన పెండ్లయిన నాలుగేండ్ల సంది ఆ బల్ల కాడ నేనొక్కన్నే. ఏం చేస్తున్నవని ఒక్కనాడు అడగలే నువ్వు.

సున్నం మళ్ల రుద్ది తీసిన. ఫికర్ చెయ్యకు.

సాల్మన్

ట్యాంకు వెనుక సున్నంల నీ బొటనవేలి ముద్ర పడ్డది. అదొక్కటి రుద్దలే, అట్లనే ఉంచిన.