వెనక నుంచి పిలిచాను

2008 జూలై 6, ఆదివారం

గ్యాస్ అయిపోయింది. పప్పు సగమే ఉడికింది. నిన్ననే ఈయన సిలిండర్‌ని వేళ్లతో కొట్టి చూసి, ఇంకా చాలా ఉందన్నాడు. పెళ్లయిన నాటి నుంచి ఆయన అంచనా ఎన్నడూ తప్పలేదు. బొగ్గుబాయిలో పైకప్పు కొట్టి చూసే మనిషికి సిలిండర్ ఒక లెక్కా అని నేనే అందరికీ గొప్పలు చెప్పేదాన్ని. పక్కింటి పూలమ్మక్క స్టవ్ మీద పప్పు ఉడికించుకొచ్చాను. ఆమె నవ్వింది. నేనూ నవ్వాను.

జూలై 9

కుక్కర్ పక్కనే కూర్చుని, విజిల్ వచ్చిందా అని నన్నడిగాడు. అప్పుడే వచ్చింది మరి.

ఎడమ పక్క నుంచి మాట్లాడితే పలకడం లేదు. కోపమనుకొని మొన్నంతా అలిగి కూర్చున్నాను. పిచ్చిదాన్ని.

జూలై 12, సాయంత్రం

ఉపేందర్ వచ్చాడు. ఈయన గ్యాంగులో అందరికన్నా చిన్నవాడు, ఈయన్ని ఎల్లేశమన్నా, నన్ను వదినా అంటాడు. బ్లాస్టింగ్ అయ్యాక ఈయన రాడ్‌తో కప్పు మీద కొట్టి వింటాడట. ఖంగుమంటే గట్టి. డొల్లగా పలికితే పైన బండ విడిపోయినట్టు, కింద నిలబడకూడదు. ఎల్లేశమన్న గట్టి అన్నాకే మేం అడుగు పెడతామని చెప్పాడు. గ్యాంగు మీద ఉండే సర్దార్ కూడా అన్న మాటకు ఎదురు చెప్పడట.

ఉపేందర్ పోయాక కుక్కర్ విజిల్ సంగతే తలుచుకుంటూ కూర్చున్నాను.

జూలై 13

చెప్పేశాను. ఎదురుగా కూర్చుని, మెల్లగా. నా చెవులకేమైందని ఇంతెత్తున లేచాడు. దవాఖానలో టెస్ట్ చేయించుకుందామన్నాను. అన్‌ఫిట్ అని రాస్తారట, బాయి పైన సర్ఫేస్‌లో ఏదో మూలన కూర్చోబెడతారట. తన చెవిని నమ్ముకున్న వాళ్ల ముందు ఏ మొఖం పెట్టుకొని తిరగాలన్నాడు. తినకుండా లేచిపోయాడు.

నాకూ మండింది. కానీ ఆయనది కోపం కాదు, భయం.

జూలై 14

ఈయన డ్యూటీ నుంచి వచ్చేదాకా గేటు దగ్గరే కూర్చున్నాను.

జూలై 15, ఉదయం

బాయికి పోయే మనిషిని వెనక నుంచి పిలవకూడదు. మా క్వార్టర్ల లైన్‌లో ఏ ఆడదీ పిలవదు. టిఫిన్ మరిచిపోయినా సరే, ఎవరో ఒకరు పక్క సందులోంచి ఉరికి ముందు నుంచి అందిస్తారు. నేను కాపురానికి రాగానే అత్తమ్మ నేర్పిన మొదటి సంగతి ఇదే.

ఇవాళ పిలిచాను. పేరు పెట్టి, గొంతు చించుకొని.

పూలమ్మక్క చీపురు ఆపేసింది. ముందు పోతున్న ఉపేందర్ బండి ఆపి వెనక్కి తిరిగాడు. లైనంతా తిరిగింది. ఈయన ఒక్కడే తిరగలేదు, నడుస్తూనే ఉన్నాడు. మళ్లీ పిలిచాను. మళ్లీ.

ఉపేందర్‌ని చూసి అప్పుడు తిరిగాడు. అందరూ నన్నే చూస్తున్నారు. మెల్లగా వెనక్కి వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"ఎన్నిసార్లు పిలిచినవే?"

మూడు వేళ్లు చూపించాను.

"నడువు. దవాఖానకు పోదాం."

అదే రోజు, సాయంత్రం

షిఫ్టు దిగి ఉపేందర్ నేరుగా మా ఇంటికే వచ్చాడు. పొద్దున చూసింది సర్దార్‌కు చెప్పాడట. నిన్న ఈయన గట్టి అన్న చోట మళ్లీ కొట్టి చూస్తే డొల్ల పలికిందట. అందరినీ దూరం జరిపి బండ దించేశారు. పెద్ద బండ. కింద ఎవరూ లేరు.

ఈయన ఉపేందర్ చెయ్యి పట్టుకొని ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను చూడడం ఇదే మొదలు. చాయ్ పెట్టాలని వంటింట్లోకి పోయి నేనూ ఏడ్చాను.

ఆగస్టు 3

టెస్టులో అన్‌ఫిట్ రాశారు. బాయి పైన, దీపాలిచ్చే ల్యాంపు రూమ్‌లో వేశారు. రేపు జాయినింగ్.

మధ్యాహ్నం తిన్నాక మంచం మీద పక్క మార్చుకున్నాడు. కుడి చెవి నా వైపు పెట్టి, ఏమన్నా చెప్పమన్నాడు.