పాప చెవి పట్టుకుంటే

ఆదివారం

సాయంత్రం నాలుగున్నరకు, లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పిల్లలను చూసుకునే మేరీ ఆంటీ మా పాపను ఉంచుకోవడానికి ఒప్పుకున్నారు. ప్రసూతి సెలవు రేపటితో అయిపోతుంది. ఇంకెవరూ దొరకలేదు.

అయినా పాపను ఒళ్లో పెట్టుకునే నోట్‌బుక్ తెరిచి గంటసేపు ప్రశ్నలడిగాను. పాలసీసాలు ఎలా కడుగుతారు, జ్వరమొస్తే ముందు ఎవరికి చెప్తారు... ఆంటీ అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పారు.

"పోలీసోళ్లు సుత ఇన్ని అడగరు బిడ్డా. ఇగ నేనొకటి అడుగుత. నిద్రొస్తే పాప ఏం జేస్తది?"

"ఏడుస్తుంది ఆంటీ."

"ఏడ్చుడు తర్వాత. ముందుగాల చెవి పట్టుకుంటది. ఇప్పుడే రెండుసార్లు జూసిన."

ఐదు నెలలుగా నేను గమనించలేదు. ఇంటికొచ్చాక చూశాను, నిజమే. ఎడమ చెవి. కొంచెం అసూయగా ఉంది, కానీ భయం మాత్రం పోయింది.

రేపు తొమ్మిదింటికి పాపను ఆంటీ దగ్గర ఒక గంట వదిలి చూడాలి. ఎల్లుండి పదకొండింటికి మా పేపర్ ఆఫీసులో రిపోర్టర్ల మీటింగ్.