మూడు మాటల ఊపిరి

ఇంటి యజమానురాలికి, నోటి జోరు తగ్గిన నీ ఆయన రాయునది ఏమనగా,

ఇక్కడ నేను మొన్న ఎలా ఉన్నానో అలాగే ఉన్నాను. అక్కడ నువ్వూ, బాలింతా, పసిదీ క్షేమమని తలుస్తాను. మనవరాలికి నా ముక్కు వచ్చిందని రాశావు. పాపం, ఆడపిల్ల. పెరిగేకొద్దీ సర్దుకుంటుందిలే అని అమ్మాయికి ధైర్యం చెప్పు. వియ్యపురాలు కూడా వచ్చి సాయంగా ఉన్నారని చదివి నిమ్మళించాను.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. వేళకు తింటున్నాను. మందులు మింగుతున్నాను. గుమ్మం ముందు మొక్కలకు కింది వాటా టైలరు నీళ్లు పోస్తున్నాడు. మీరేం చేస్తున్నారంటావు. అక్కడికే వస్తున్నాను.

ఫోనులో మూడు ముక్కలు మాట్లాడి ఎందుకు పెట్టేస్తున్నానని ఒకే ఉత్తరంలో నాలుగు చోట్ల అడిగావు. ముప్పై ఏళ్లు బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడుందో గుక్క తిప్పుకోకుండా చెప్పినవాణ్ణి. సగం ఊరికి నా పేరే మైకు. ఇంటికొచ్చాకైనా కాస్త కట్టేయండి అని విసుక్కునేదానివి. ఇప్పుడు ఊపిరికి మూడు మాటలే వస్తున్నాయి. నాలుగోది కావాలంటే ఆగాలి. అందుకే ఈ ఉత్తరం. రాయడానికి మూడు రోజులు పట్టింది.

నేను ఇంట్లో లేను. నాలుగు వారాలైంది. నీ ఉత్తరాలు టైలరు ఇక్కడికి పంపుతున్నాడు. ఇది నయం చేసే ఆసుపత్రి కాదు, నయం కానివాళ్లను బాధ లేకుండా చూసుకునే చోటు. ఫోనులో ఆ గడగడ ఏమిటంటే టైలరు మిషను అన్నాను కదా, అది మందుల బండి. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు. నేను పెళ్లయిన నలభై ఏళ్లకు మొదలుపెట్టాను.

బాగానే చూస్తారు. ఇక్కడి పెద్ద నర్సు మన అమ్మాయి కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. ఆయాసం వచ్చినప్పుడు పడుకోనివ్వదు. ముందు బల్ల మీద దిండు వేసి, దాని మీదికి వంగి కూర్చోబెడుతుంది. కిటికీ తీసి, చేతిలో పట్టేంత చిన్న ఫ్యాను నా చెంపకు పెడుతుంది. ముఖానికి గాలి తగిలితే గుండెల్లో దడ తగ్గుతుంది, ఎందుకో నాకు తెలియదు. దీపం ఆర్పకుండా మెల్లగా ఊదినట్టు ఊపిరి వదలమంటుంది. నాలుక కింద చుక్కల మందు వేస్తానంటే మొదట భయపడ్డాను. "ఇవి ఆయుష్షు తగ్గించేవి కావు అంకుల్, ఆయాసం తగ్గించేవి" అంది. నిజమే, వేసుకున్నాక స్నానం చేయగలుగుతున్నాను.

సాయంత్రం నాలుగింటికి చూడటానికి వచ్చేవాళ్ల చెప్పుల చప్పుడు వినిపిస్తుంది. నా తలుపు దాటి వెళ్లిపోతుంది. ఆ గంటసేపు నిద్ర నటిస్తాను. ఎవరూ లేరా అని ఎవరైనా అడుగుతారని భయం. దిగులుగా ఉంటోంది. ఇది ఫోనులో చెప్పలేను.

ఇక అసలు సంగతి. మంగళవారం నువ్వు "ఏమండీ, ఇంకా కోపం పోలేదా?" అని అడిగావు. నేను ఫోను పెట్టేశాను. ఆ రోజంతా నువ్వు ఏడ్చి ఉంటావు. నీ మీద నాకు కోపం లేదు. ప్రయాణం నాడు ఈ దగ్గు తగ్గేదాకా ఆగుతానంటే, నన్ను చంటిపిల్లాణ్ణి చెయ్యకు, వెళ్లు అని నీ మీద అరిచాను చూడు, నా కోపమంతా ఆ అరుపు మీదే. లేదు అని ఒక్క మాట అందామని నోరు తెరిచాను. రాలేదు. ఎగశ్వాస వచ్చేసింది, అది నువ్వు వినకూడదని బటను నొక్కేశాను.

అప్పుడు నర్సు పక్కనే ఉంది. ఆయాసం సర్దుకున్నాక, ఈసారి ఆవిడ చేస్తే నిద్రపోతున్నానని చెప్పమ్మా అన్నాను. "టైలరు చుట్టాన్నంటూ ఒకసారి అలా చెప్పాను. ఇక చెప్పను" అంది. మంచం పట్టె మీద కూర్చుని మెల్లగా అంది: "ఇన్నాళ్లూ ఎందుకు దాచారని రేపు ఆంటీ నన్ను అడుగుతారు. అప్పటికి మీరుండరు. నన్నేం చెప్పమంటారు?"

నన్ను ఫోను చెయ్యమంటారా అంది. వద్దు, నేనే చెబుతానన్నాను.

డాక్టరును సూటిగా అడిగాను. నెలల లెక్క కాదు, వారాలన్నాడు. నర్సు ఫోను నంబరు వెనకవైపు రాశాను. ఏదడిగినా దాచదు. నువ్వు ఆవిడతో మాట్లాడుతుంటే నేను పక్కనే వింటుంటాను. నేను పలకకపోతే అలిగాననుకోకు.

బాలింతను వదిలి రావద్దు అని రాయడానికే ఈ కాగితం తీశాను. మూడు రోజులుగా ఆ వాక్యం రాయలేకపోతున్నాను. పసిదానికి అమ్మ ఉంది, నానమ్మ ఉంది. నాకు నువ్వొక్కదానివే. బయలుదేరు.

ఇట్లు,
నీ ఆయన