దొరగారి పక్కన మీరు

ఏవండీ,

ఈ ఏడాది సమాధుల పండగకి మీ ఒక్కరికే సున్నం వేశాను. పక్కనున్న తెల్లదొరగారి సమాధికి వెయ్యొద్దని టూరిజం ఆఫీసువాళ్లు అన్నారు. నర్సీపట్నం మీదుగా ఏజెన్సీకి వెళ్లే టూరిస్టు బస్సుల్ని ఇక్కడా ఆపాలనుకుంటున్నారట. పాత రాయి పాతగానే కనబడాలని సున్నమంతా గీకించేశారు. "అక్షరాలు కూడా పూడిపోయేలా ఎవరు పూశారండీ?" అని ఆఫీసరుగారు అడిగారు. దొరకి ఇక్కడ నా అన్నవాళ్లు లేరని ఏటేటా పూసింది మీరేనని ఎలా చెప్పను?

నిన్న చర్చిలో ఆరాధన అయ్యాక ఆఫీసరుగారు మా అందరి అభిప్రాయం అడిగారు. సంఘపెద్దగారు లేచి, "ఏటండీ ఇది? మనోళ్లని పండబెట్టిన సోటు. ఎవులో వొచ్చి ఫొటోలు తీసుకుపోతారా?" అన్నారు. అందరూ అదే మాట. బస్సులు రావాలని చెయ్యెత్తింది నేనొక్కదాన్నే. ఇంటికెళ్లేటప్పుడు ఎవరూ నాతో కలిసి నడవలేదు.

కారణం మీకు చెబుతాను. పోయిన వారం మచ్చుకి ఒక బస్సుని ఇక్కడ ఆపారు. అందరూ దొర దగ్గర ఫొటోలు తీసుకుంటుంటే ఒకమ్మాయి మీ దగ్గర ఆగింది. నా సున్నం కింద మీ పేరూ పూడిపోయింది కదా. "ఈయనెవరండీ?" అని నన్నడిగింది. ఊళ్లో అందరికీ మీరు తెలుసు, అందుకే మీ గురించి ఎవరూ అడగరు.

కాపురం చేసినన్నాళ్లూ నా నోట పలకని మీ పేరు ఆ అమ్మాయికి చెప్పాను. బస్సు వెళ్లిపోయాక ఇంకోసారి అన్నాను, పైకే.